లాగితే కదిలే త్రిభుజం

ఎవరినైనా ఒక త్రిభుజం గీయమని అడిగి చూడండి. దాదాపు అందరూ ఒకే బొమ్మ గీస్తారు. అడుగున సాఫీగా పడుకున్న గీత, పైన ఇంచుమించు మధ్యలో నిలబడ్డ మొన. బడిలో నల్లబల్ల మీద చూసింది అదే, పాఠ్యపుస్తకంలో అచ్చయిందీ అదే. ఆ త్రిభుజంలో మూడు మూలల నుంచి ఎదుటి భుజాలకు లంబాలు దించితే మూడూ లోపల ఒకచోట కలుస్తాయి. ఆ చోటు పేరు లంబకేంద్రం. అది ఎప్పుడూ త్రిభుజం లోపలే ఉంటుందని ఏ మాస్టారూ చెప్పరు. అయినా పిల్లల మనసులో అలాగే ముద్ర పడిపోతుంది. వాళ్లు చూసిన బొమ్మలన్నిటిలో అది లోపలే ఉంది మరి.

అదే త్రిభుజం ఫోను తెర మీద ఉందనుకోండి. పై మొన మీద వేలు పెట్టి పక్కకు లాగుతుంటే లంబాలు వాటంతటవే జరుగుతాయి, వాటితో లంబకేంద్రమూ జరుగుతుంది. అడుగు భుజం దగ్గరి కోణం సరిగ్గా 90 డిగ్రీలయ్యేసరికి లంబకేంద్రం వచ్చి ఆ మూల మీదే కూర్చుంటుంది. ఇంకొంచెం లాగితే అది త్రిభుజం గడప దాటి బయటికి వెళ్లిపోతుంది. నల్లబల్ల మీద ఇది చూపించాలంటే పది బొమ్మలు గీసి పదిసార్లు చెరపాలి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అంత తీరిక ఎవరికీ ఉండదు.

సిద్ధాంతం మాట్లాడేది అన్ని త్రిభుజాల గురించి. బల్ల మీద ఉండేది ఒక్క త్రిభుజం. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని దాటించడానికి పుట్టిన పనిముట్లలో ఒకటి జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్. జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయంలో తయారైంది. బ్రౌజర్ ఉంటే చాలు, పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు, ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. దాని లోపలి కోడ్ మొత్తం ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు.

ఫ్రాంకోనియాలో గణితం

బైరాయిట్ అనగానే సంగీతప్రియులకు గుర్తొచ్చేది రిచర్డ్ వాగ్నర్. ఆయన ఒపెరాల కోసమే కట్టిన నాటకశాలలో 1876 నుంచి ఉత్సవాలు జరుగుతున్నాయి. విశ్వవిద్యాలయం మాత్రం కుర్రది, 1975లో తరగతులు మొదలయ్యాయి. కానీ ఆ చుట్టుపక్కల నేల గణితానికి కొత్తదేమీ కాదు. జర్మన్లు ఒక లెక్క సరిగ్గా వచ్చిందని చెప్పడానికి నేటికీ ‘ఆడమ్ రీస్ ప్రకారం’ అంటారు. సామాన్యులకు కూడికలు, తీసివేతలు నేర్పిన ఆ లెక్కల పంతులు పుట్టిన ష్టాఫెల్‌ష్టైన్ ఊరు ఫ్రాంకోనియా అనే ఈ ప్రాంతంలోదే. బైరాయిట్ నుంచి గంట ప్రయాణంలో ఎర్లాంగెన్ వస్తుంది. 1872లో ఫెలిక్స్ క్లైన్ జ్యామితి అంటే ఏమిటో కొత్తగా నిర్వచించిన పత్రం ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధం.

ఆ ఎర్లాంగెన్‌లోనే కార్ల్ విల్‌హెల్మ్ ఫాయర్‌బాఖ్ అనే కుర్ర ఉపాధ్యాయుడు ఉండేవాడు. 1822లో, తన ఇరవై రెండో ఏట, ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు. త్రిభుజం మూడు భుజాల మధ్యబిందువులు, మూడు లంబాల పాదాలు ఒకే వృత్తం మీద ఉంటాయన్నాడు. లంబకేంద్రాన్ని మూలలతో కలిపే గీతల మధ్యబిందువులు కూడా దాని మీదే ఉంటాయి కాబట్టి దీనికి నవబిందు వృత్తం అని పేరొచ్చింది. ఫాయర్‌బాఖ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. త్రిభుజం లోపల మూడు భుజాలనూ తాకే అంతరవృత్తం ఉంటుంది కదా, బయట మూడు బాహ్యవృత్తాలు ఉంటాయి. నవబిందు వృత్తం ఈ నాలుగింటినీ ఒక్కో చోట ముట్టుకుంటుందని నిరూపించాడు. ముప్ఫై నాలుగేళ్లయినా నిండకుండానే చనిపోయాడు.

కాగితం మీద ఈ బొమ్మ గీయడం కష్టం. పెన్సిల్ మొన వెంట్రుకవాసి జరిగితే వృత్తాలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, లేదా అసలు తాకవు. జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్‌లో అయితే కొన్ని పంక్తుల కోడ్. తర్వాత మూలను పట్టుకుని ఎటు లాగినా, త్రిభుజం సన్నగా సాగినా, పడుకున్నా, ఆ నాలుగు ముద్దులూ చెదరవు. ఫాయర్‌బాఖ్ తన బుర్రలో మాత్రమే చూడగలిగిన కదలికను ఇవాళ తొమ్మిదో తరగతి పిల్ల వేలితో చూడగలదు.

పాత పనిముట్టు పాడైనప్పుడు

తెర మీద గీతను లాగడమనే ఆలోచన బైరాయిట్‌లో పుట్టలేదు. 1963లో అమెరికాలోని ఎమ్ఐటీలో ఇవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. వెలుతురు కలంతో తెర మీద గీసి, ‘ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి’ అని చెబితే కంప్యూటర్ ఆ మాట నిలబెట్టేది. 1980లలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో కాబ్రి వచ్చింది. 1990ల మొదట్లో అమెరికాలో జామెటర్స్ స్కెచ్‌ప్యాడ్, ఆ దశాబ్దం చివర జర్మనీలో సిండరెల్లా వచ్చాయి. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి జియోజీబ్రా మొదలుపెట్టాడు. మన దేశంలో లెక్కల మాస్టార్లకు బాగా తెలిసిన పేరు ఇదే.

బైరాయిట్ బృందం కూడా అంతకుముందే జియోనెక్స్ట్ అనే ప్రోగ్రాం రాసింది. అది జావా భాషలో ఉండేది, వెబ్ పేజీలో యాప్లెట్‌గా పనిచేసేది. ఆ రోజుల్లో ఆ పద్ధతే గొప్ప. కానీ జావా యాప్లెట్ నడవాలంటే బ్రౌజర్‌కు ఒక ప్లగిన్ తోడుండాలి. 2007లో ఐఫోన్, 2010లో ఐప్యాడ్ వచ్చాయి. రెండింటిలోనూ జావా యాప్లెట్లకు చోటు లేదు. భద్రతా లోపాలు బయటపడే కొద్దీ కంప్యూటర్ బ్రౌజర్లూ వాటిని వదిలించుకున్నాయి. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆ తలుపు మూసేశాయి. ప్రపంచవ్యాప్తంగా ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసుకున్న పాఠాలు బూడిదరంగు పెట్టెలుగా మిగిలాయి. గణితంలో ఏ తప్పూ లేదు. బొమ్మ మోసే బండి చక్రాలు ఊడిపోయాయి, అంతే.

బైరాయిట్ వాళ్లు ఆ తలుపులు మూసుకోకముందే, 2000ల దశకం చివర్లోనే, వేరే దారి పట్టారు. బ్రౌజర్‌కు పుట్టుకతోనే వచ్చే భాష ఒకటుంది, జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని తొలి రూపం తయారుచేశాడు. అప్పట్లో దానిని గంభీరమైన పనులకు తగిన భాషగా చాలామంది చూడలేదు. ఆల్‌ఫ్రెడ్ వాసర్‌మన్, మథియాస్ ఏమన్, మిషాయెల్ గెర్‌హాయిజర్, కార్స్టెన్ మిల్లర్, బియాంకా వాలెంటిన్, పీటర్ విల్ఫార్ట్‌ల బృందం యూక్లిడ్ జ్యామితిని ఆ భాషలోనే కట్టింది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అందరూ వాడే బొమ్మల భాష అర్థం కాకపోతే, దాని కోసం అదే బొమ్మను వేరే భాషలోనూ గీసే ఏర్పాటు చేశారు. పాత కంప్యూటర్లున్న బడులనూ విడిచిపెట్టకూడదనే పట్టుదల ఆ పనిలో కనిపిస్తుంది.

వాసర్‌మన్ గురించి ఒక్క మాట. ఆయన అసలు రంగం సంయోజక గణితం. స్టైనర్ వ్యవస్థలనే అమరికలకు ఒక కొత్త రకం తోబుట్టువులు అసలు ఉంటాయా, ఉండవా అని చాలాకాలం సందేహం ఉండేది. కంప్యూటర్ సాయంతో మొదటి అసలైన ఉదాహరణను పట్టుకున్న ఐదుగురిలో ఆయన ఒకరు. బడి పిల్లల పనిముట్టును ఇలాంటి గణితజ్ఞుడు ఏళ్ల తరబడి సొంత బిడ్డలా సాకుతున్నాడంటే సంతోషమేస్తుంది.

బొమ్మ వెనక బంధుత్వాలు

జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్‌తో బొమ్మ గీయడమంటే మౌస్‌తో గీతలు లాగడం కాదు, మాటలతో చెప్పడం. ముందు ఒక బోర్డు కావాలని చెప్పాలి, అడ్డంగా మైనస్ 5 నుంచి 5 వరకు, నిలువుగా అంతే. తర్వాత ఒక బిందువు సృష్టించు, ఇంకో బిందువు సృష్టించు, రెంటినీ కలుపుతూ గీత సృష్టించు. ఒక్కో ఆజ్ఞ ఒక్కో పంక్తి. తెర మీద కనిపించేది ఫొటోలాంటి చుక్కల గుంపు కాదు. ‘ఇక్కడ కేంద్రంగా ఇంత వ్యాసార్ధంతో వృత్తం’ అనే సూచన. 2001లో వెబ్ ప్రమాణంగా ఖరారైన ఎస్‌వీజీ పద్ధతి అది. అందుకే ఎంత పెద్దది చేసినా అంచు పగలదు.

అసలు కిటుకు బంధుత్వాల్లో ఉంది. గీత రెండు బిందువుల సంతానం. ఆ గీతకు లంబం దాని సంతానం. రెండు లంబాల ఖండన బిందువు ఆ తర్వాతి తరం. తాత కదిలితే మనవళ్లందరూ కదలాలి. పుట్టిన వరుసలోనే అన్నిటినీ మళ్లీ లెక్కకడితే చాలు, ఎందుకంటే ఏ వస్తువూ తనకంటే తర్వాత పుట్టినదాని మీద ఆధారపడదు. వేలు కదిలిన ప్రతి క్షణం ఈ వంశవృక్షం మొత్తం కొత్తగా లెక్కకు వస్తుంది. చూసేవారికి మాత్రం త్రిభుజం నీళ్లలా సాగినట్టుంటుంది.

పదో తరగతి వర్గ బహుపదిని తీసుకుందాం. వై = ఏ.ఎక్స్² + బీ.ఎక్స్ + సీ. గ్రాఫు పరావలయమని అందరికీ తెలుసు. ఏ పెంచితే ఆ దోసిలి ఇరుకవుతుంది, తగ్గిస్తే వెడల్పవుతుంది, రుణాత్మకమైతే బోర్లా పడుతుంది. సీ మార్చితే గ్రాఫు మొత్తం పైకీ కిందికీ జరుగుతుంది. మరి బీ ఏం చేస్తుంది? గ్రాఫును పక్కకు జరుపుతుందని చాలామంది ఠక్కున చెబుతారు. ఆ జవాబు సగమే నిజం.

మూడు స్లైడర్లు పెట్టి, ఏ, సీ రెండిటినీ 1 దగ్గర ఆపి, బీ ఒక్కదాన్నే కదిలిస్తే తెర మీద ఒక వింత జరుగుతుంది. పరావలయం పక్కకు జరుగుతూనే కిందికి జారుతుంది, మళ్లీ పైకెక్కి, ఇంకోవైపు జారుతుంది. దాని అడుగు శీర్షానికి జాడ వదలమని చెబితే ఆ జాడ మరో పరావలయం, బోర్లించినది. బీ విలువ 2 అయితే శీర్షం (-1, 0) దగ్గర, 4 అయితే (-2, -3) దగ్గర ఉంటుంది. రెండూ వై = 1 - ఎక్స్² అనే గ్రాఫు మీదివే. బీ ఎంత మారినా గ్రాఫులన్నీ (0, 1) అనే ఒక్క బిందువు గుండానే పోతాయి. అక్కడ మేకు కొట్టి, ఆ మేకును వదలకుండా పరావలయాన్ని ఊపినట్టు ఉంటుంది. కారణం రెండు పంక్తుల్లో తేలుతుంది. శీర్షం దగ్గర బీ = -2.ఏ.ఎక్స్. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే వై = సీ - ఏ.ఎక్స్² మిగులుతుంది. ఈ రెండు పంక్తుల బీజగణితం ఎన్ని తరాలుగానో పుస్తకాల్లో ఉంది. కానీ ఆ జాడను కళ్లతో చూశాక ‘ఇలా ఎందుకవుతోంది’ అని అడగాలనిపిస్తుంది. జవాబు ముందే చేతిలో పెట్టినప్పుడు ఆ ప్రశ్న పుట్టదు.

కంప్యూటర్ తడబడే చోట్లు

గ్రాఫు గీయడం కంప్యూటర్‌కు మంచినీళ్లు తాగినంత తేలికని అనుకుంటాం. నిజానికి అది కొన్ని చోట్ల విలువలు కట్టి, ఆ చుక్కల్ని గీతలతో కలుపుతుంది. వై = 1/ఎక్స్ గ్రాఫులో సున్నాకు ఎడమన కిందికి దూకే కొమ్మ ఒకటి, కుడిన పైకి లేచే కొమ్మ ఒకటి. అమాయకంగా చుక్కలు కలిపితే రెండు కొమ్మల మధ్య నిలువునా లేని గీత ఒకటి పుట్టుకొస్తుంది. 1/ఎక్స్‌కు సైన్ కడితే ఇంకా కష్టం. సున్నాను సమీపించే కొద్దీ ఆ గ్రాఫు అంతులేకుండా ఊగుతుంది. ఎన్ని చుక్కలు పెట్టినా చాలవు. అందుకే వంపు ఎక్కువున్న చోట ఎక్కువ చుక్కలు, తెగిన చోట కలపకుండా వదిలేయడం వంటి ఉపాయాలు కావాలి. జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్ బృందం ఈ ఒక్క పని కోసమే తన పద్ధతిని పలుమార్లు తిరగరాసింది.

అంకెల దగ్గరే ఇంకో చిక్కుంది. జావాస్క్రిప్ట్‌ను 0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 అంటుంది. అది సున్నా, ఒకటి అనే రెండు అంకెల భాషలో లెక్కపెడుతుంది, ఆ భాషలో పదోవంతును పూర్తిగా రాయలేం. కాబట్టి ‘ఈ బిందువు ఈ గీత మీద ఉందా’ అన్న ప్రశ్నకు అది కచ్చితమైన అవును చెప్పలేదు, చాలా దగ్గరగా ఉంది అని మాత్రమే అనగలదు.

అన్నిటికంటే లోతైన చిక్కు ఖండన బిందువుది. ఒక గీత వృత్తాన్ని రెండు చోట్ల కోస్తుంది. అందులో ఒక బిందువును ఎంచుకుని దాని మీద మిగతా బొమ్మ కట్టారు. ఇప్పుడు గీతను వృత్తం దాటించి బయటికి లాగి, మళ్లీ లోపలికి తెస్తే ఆ బిందువు తన పాత చోటుకే రావాలా, రెండో చోటుకు వెళ్లాలా? తప్పు చోట ఎంచుకుంటే బొమ్మ మొత్తం ఉన్నట్టుండి గెంతుతుంది. సిండరెల్లాను తయారుచేసిన యుర్గెన్ రిష్టర్-గేబెర్ట్, ఉల్రిష్ కోర్టెన్‌కాంప్ దీనికి జవాబును సంకీర్ణ సంఖ్యల్లో వెతికారు. తెర మీద కోసుకోని గీతా వృత్తమూ ఆ లోకంలో కోసుకుంటూనే ఉంటాయి, కాబట్టి బిందువు దారి తప్పకుండా వెంబడించవచ్చు. జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్ దీనికంటే సాదా దారి పట్టింది. రెండిట్లో ఏది కావాలో బొమ్మ కట్టేవాళ్లే చెప్పాలి. ఒక బిందువు ముందే తెలిస్తే ‘ఆ రెండోది’ అని అడిగే ప్రత్యేక ఆజ్ఞ కూడా ఉంది.

ఇవన్నీ తెలిసిన ఉపాధ్యాయులు పిల్లలకు ఒక జాగ్రత్త నేర్పాలి. తెర మీద మూడు గీతలు ఒకచోట కలిసినట్టు కనిపిస్తే, పెద్దది చేసి చూస్తే మధ్యలో నలుసంత త్రిభుజం తేలవచ్చు. వెయ్యిసార్లు లాగినా చెదరనిది నిజమయ్యే అవకాశం ఎక్కువ, అంతవరకే. ఉపపత్తి కాగితం మీద రాయాల్సిందే.

పరీక్షలోకి, తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి

బ్రిటన్‌లో క్రిస్ సాంగ్విన్ బర్మింగ్‌హామ్‌లో ఉండగా మొదలుపెట్టి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కొనసాగిస్తున్న స్టాక్ అనే గణిత పరీక్షా పద్ధతి ఈ పనిముట్టును తనలో కలుపుకుంది. అందులో జవాబు ఏ, బీ, సీ, డీలలో ఒకటి ఎంచుకోవడం కాదు. విద్యార్థి (ఎక్స్+1)² అని రాసినా, ఎక్స్²+2ఎక్స్+1 అని రాసినా రెండూ ఒకటేనని మాక్సిమా అనే బీజగణిత ప్రోగ్రాం లెక్కగట్టి చెబుతుంది. దీనికి జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్ తోడైతే ‘ఈ వక్రానికి ఈ చోట స్పర్శరేఖ ఎక్కడుంటుందో లాగి పెట్టు’ అని అడగవచ్చు. విద్యార్థి వదిలిన చోటే జవాబు. ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలు ఇవ్వొచ్చు కాబట్టి పక్కవాడి తెర చూసి లాభం లేదు. బిట్ పేపర్ల మధ్య పెరిగిన మన ఇంటర్, ఈఏపీసెట్ చదువులకు ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా అందితే ఎంత బాగుండు!

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. జియోజీబ్రాను 2021లో బెంగళూరుకు చెందిన బైజూస్ కొన్నది. 2024లో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. జియోజీబ్రా పనిచేస్తూనే ఉంది, బడులు వాడుకుంటూనే ఉన్నాయి. కానీ యాజమాన్యం చేతులు మారినప్పుడల్లా పాఠాలు తయారుచేసుకున్న ఉపాధ్యాయులకు గుండెలో కాస్త గుబులు తప్పదు. జేఎస్‌ఎక్స్‌గ్రాఫ్‌ను ఎల్‌జీపీఎల్ లేదా ఎమ్ఐటీ లైసెన్సు కింద, ఏది నచ్చితే అది ఎంచుకుని వాడుకోవచ్చు. ఎమ్ఐటీ లైసెన్సు షరతు ఒకటే, హక్కుల ప్రకటనను తీసేయకూడదు. ఒకసారి ఇలా ఇచ్చిన కోడ్‌ను తిరిగి లాక్కోవడం కుదరదు. బైరాయిట్‌లో రేపు పని ఆగిపోయినా మన చేతిలో ఉన్న ప్రతి మన చేతిలోనే ఉంటుంది.

ఆ ప్రతి అంటే రెండు ఫైళ్లు. మామూలు ఫోనుతో తీసిన ఒక ఫొటోకంటే పెద్దవేం కావు. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే ఇంటర్నెట్ అందని బడిలోనూ, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లోనూ బొమ్మ కదులుతుంది. నేర్చుకోవాల్సింది ఉంది, కాదనలేం. జియోజీబ్రాలో బటన్లు నొక్కి గీసేది ఇక్కడ కోడ్‌లో రాయాలి. ఆ కష్టం ఒక్కరు పడితే వందమందికి సరిపోతుంది. ఊరికొక లెక్కల మాస్టారికి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి తోడైతే తీరిపోయే పని.

బిందువుల పేర్లు కూడా ఆంగ్లాక్షరాలే కానక్కర్లేదు. బోర్డు మీది అక్షరాలను గీసేది బ్రౌజరే కాబట్టి ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా తెలుగు వస్తుంది. ‘పరివృత్త కేంద్రం’ అని రాస్తే అలాగే కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ భాషలో కదిలే బొమ్మకు పేర్లు పెట్టడానికి ఏ సాంకేతిక అడ్డంకీ ఇప్పుడు లేదు.

మొదటి బొమ్మగా బ్రహ్మగుప్తుడిని తీసుకోవచ్చు. 628లో, నేటి రాజస్థాన్‌లోని భిన్‌మాల్‌లో రాసిన గ్రంథంలో ఆయన చెప్పిన ఫలితం. వృత్తం మీద అ, ఆ, ఇ అని మూడు జారే బిందువులు పెట్టాలి. ‘ఆ’ బిందువు నుంచి అ-ఇ కర్ణానికి లంబం గీస్తే అది వృత్తాన్ని మరోచోట కోస్తుంది. ఇక్కడే ‘ఆ రెండోది’ అనే ఆజ్ఞ అక్కరకొస్తుంది. ఆ చోటుకు ‘ఈ’ అని పేరు. ఇప్పుడు చక్రీయ చతుర్భుజం సిద్ధం, కర్ణాలు రెండూ లంబంగా ఉన్నాయి. అవి కలిసే చోటు నుంచి ఏదైనా ఒక భుజానికి లంబం దించి, దాన్ని వెనక్కి పొడిగిస్తే ఎదుటి భుజాన్ని తాకుతుంది. తాకిన చోటుకు రెండు పక్కలా పొడవులు కొలిచి తెర మీద చూపించమని చెప్పాలి. ఇక ‘అ’ మీద వేలు పెట్టి వృత్తం చుట్టూ తిప్పడమే. చతుర్భుజం ఉబ్బుతుంది, నలుగుతుంది, పొడవులు రెండూ మారిపోతూ ఉంటాయి, కానీ ఆ రెండు అంకెలూ ఒకటిగానే మారతాయి.